ఏ బ్రౌజరుతో రావలెను?

మన పెద్దల కాలములో ఇండ్లలోని రేడియో పెట్టెలు రకరకములుగా ఉండెడివి. ఒకరింట మర్ఫీ, ఒకరింట ఫిలిప్స్, మరియొకరింట బజారు చివర రిపేరు దుకాణమువాడు కూర్చి యిచ్చిన పేరులేని పెట్టె. అయినను సాయంకాలపు వార్తలు చదువువారు, "తమ పెట్టె ఏ కంపెనీది? ఫలానా కంపెనీదైనచో వినుడు, కానిచో మార్చుకొని రండు" అని ఎన్నడును అనియుండలేదు. తరంగము గాలిలో వచ్చును. దానిని పట్టుకొనగల పెట్టె ఏదైనను సరిపోవును. శ్రోతకు ఈ స్వేచ్ఛ ఎంతగా అలవడిపోయినదనగా, అది ఒక స్వేచ్ఛ యని తోచనైనను తోచదు.

ఇంటర్నెట్టు చూచువారికి ఆ భాగ్యము పూర్తిగా దక్కలేదు. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు గలరు; మేమందరమును ఆయనను బాబాయిగారని పిలుతుము. ఆ మధ్య ఆయన ఒక కార్యాలయమునకు పంపవలసిన దరఖాస్తును కంప్యూటరులో నింప మొదలిడిరి. పేరు, పుట్టిన తేదీ, చేసిన ఉద్యోగము, బ్యాంకు ఖాతా సంఖ్య, అన్నియు ఒక్కొక్క అక్షరమే వెదకి కొట్టి, గంటసేపటికి చివరి మీట నొక్కిరి. అంతట, మీ బ్రౌజరు ఇచట చెల్లదు, వేరొక బ్రౌజరుతో రండు, అను అర్థముగల వాక్యము తెరపై నిలిచినది. నింపినదంతయు పోయినది. ఆయన నాకు ఫోను చేసి, "ఏమిరా అబ్బాయీ, కంప్యూటరు పాడైపోయిందా? నేనేమైనా నొక్కకూడనిది నొక్కానా?" అని అడిగిరి. కంప్యూటరు పాడుకాలేదు, ఆయన చేసిన తప్పును లేదు. అయినను తప్పు చేసినవాని కంఠస్వరముతో ఆయన అడిగిన ఆ ప్రశ్న నన్ను బాధించినది. వాకిటికి వచ్చినవానిని వాహనము మార్చుకొని రమ్మనుటకు ఇంటివానికి ఎంత అధికారము గలదు, చెప్పక తప్పనప్పుడు ఎట్లు చెప్పవలెను, అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

ముందుగా బ్రౌజరు అననేమో చూతము. దీనిని తెలుగున కొందరు విహారిణి యనుచున్నారు. పేరు ముచ్చటగా ఉన్నది గాని వాడుకలో బ్రౌజరే నిలిచినది. వెబ్‌సైటులోని పుట మనకు కనబడు రూపముతో దూరమునుండి రాదు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇచట బొమ్మ, ఇచట నొక్కినచో మరియొక పుట, అను గుర్తులు పెట్టిన ముడి పాఠముగా వచ్చును. దానిని చదివి, గుర్తులను బట్టి తెరమీద పుటగా పేర్చునది బ్రౌజరు. అచ్చుకూటములో కంపోజిటరు చేయు పనివంటిదే. ఒకే వ్రాతప్రతిని ఇద్దరు కంపోజిటర్లకు ఇచ్చినచో అక్షరముల అమరికలో కొంత తేడా వచ్చును గాని, ఒకరు పద్యమును వచనముగా కూర్చుట జరుగదు, గుర్తులకు ఇద్దరికిని తెలిసిన అర్థమొక్కటే కనుక. ఆ అర్థములను నిర్ణయించి ప్రకటించుటకే, వెబ్బును కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1994లో డబ్ల్యు త్రీ సి అను సంస్థను నెలకొల్పిరి. ప్రమాణమును అనుసరించి వ్రాసిన పుట, ప్రమాణము తెలిసిన ఏ బ్రౌజరులోనైనను చక్కగా తెరచుకొనవలెనని ఆశయము.

ఆశయము ఆదిలోనే దెబ్బతినినది. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున పుట్టిన మొజాయిక్ అను బ్రౌజరు, బొమ్మలతో కూడిన పుటలను సామాన్యులకు చూపి వెబ్బుకు జనాదరణ కల్పించినది. దానిని రచించినవారిలో కొందరు 1994లో నెట్‌స్కేప్ నావిగేటరును తెచ్చిరి. 1995లో మైక్రోసాఫ్టు కంపెనీవారు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుతో రంగమున దిగిరి. ఆ పిమ్మట ఈ ఇరువురును పోటాపోటీగా తమతమ సొంత గుర్తులను కల్పింపసాగిరి. ఒకరు అక్షరములు మినుకు మినుకుమని వెలిగి ఆరు గుర్తును పెట్టిరి. రెండవవారు అక్షరములు పుటకు అడ్డముగా పరుగెత్తు గుర్తును పెట్టిరి. ఈ రెండింటిలో ఏది చదువరి కంటికి ఎక్కువ హింసయో తేల్చి చెప్పుట కష్టము. వెబ్‌సైటులవారు తమకు నచ్చిన పక్షమున చేరి, ఈ పుట ఫలానా బ్రౌజరుతో చూచిననే శోభించునని చిన్న బిళ్ళలు అంటించిరి. బిళ్ళను నొక్కినచో ఆ బ్రౌజరును దింపుకొను చోటికి పోవుదురు. వచ్చినవానిని బ్రౌజరు మార్చుకొమ్మని ఒప్పించు పద్ధతికి తొలిరూపము ఇదియే. ఇట్టి బిళ్ళలు అంటించువారు, ఒక కంప్యూటరులో వ్రాసినది మరియొక కంప్యూటరులో చదువ వీలులేని వెనుకటి దుర్దినములను కోరుకొనుచున్నట్లున్నదని 1996లో బెర్నర్స్-లీ నిష్ఠూరమాడిరి. ఏ బ్రౌజరుతోనైనను చూడదగినదని ఎదురు బిళ్ళలు అంటించినవారును లేకపోలేదు.

ఈ పోటీలో నెట్‌స్కేప్ ఓడినది. విండోస్‌తోపాటు ఎక్స్‌ప్లోరరు ఊరకనే వచ్చుచుండగా, వేరొకటి తెచ్చుకొను శ్రమ ఎందరు పడుదురు? దీనిపై అమెరికా ప్రభుత్వము 1998లో మైక్రోసాఫ్టుపై దావా వేసినది. వ్యాజ్యము సాగుచుండగనే ఎక్స్‌ప్లోరరు వాడుక నూటికి తొంబదికి మించినది. 2001లో దాని ఆరవ కూర్పు వెలువడినది. ఏడవ కూర్పు రావలెననగా 2006 వరకు వేచియుండవలసి వచ్చెను. ఎదురులేనివాడు ఐదేండ్లు నిదురించినాడనుట అతిశయోక్తి కాదు. ఆ ఐదేండ్లలో లోకమంతటను వెబ్‌సైటులను ఆ ఆరవ కూర్పు యొక్క కొలతలకే, దాని లోపములతో సహా, కుట్టించిరి.

ఒకే బ్రౌజరును నమ్ముకొనిన దేశమునకు ఏమగునో దక్షిణ కొరియా చెప్పును. ధనవ్యవహారములు జాలముమీద జరుగవలెనన్న, పంపు సమాచారము పరులకు తెలియకుండ సంకేతములలోనికి మార్చవలెను. 1990 దశకములో బలమైన సంకేతరచనను విదేశములకు పంపుటపై అమెరికా ఆంక్షలు విధించియుండెను. కొరియావారు సీడ్ అను తమ సొంత పద్ధతిని రూపొందించుకొని, దానిని యాక్టివ్‌ఎక్స్ అను సాధనము ద్వారా బ్రౌజరునకు తగిలించిరి. అది దూరదృష్టిగల పనియే; కాని యాక్టివ్‌ఎక్స్ పనిచేయునది ఎక్స్‌ప్లోరరులో మాత్రమే. క్రమముగా బ్యాంకులు, దుకాణములు, ప్రభుత్వ కార్యాలయములు ఆ ఒక్క ద్వారమునకే కట్టుబడినవి. ఆంక్షలు సడలిన పిదపను, కొత్త బ్రౌజరులు వచ్చిన పిదపను, కొరియా పౌరుడు బ్యాంకు పనికై పాత బ్రౌజరును దాచుకొనవలసియే వచ్చెను. అచట నిర్బంధముగా నుండిన పాత ధ్రువపత్ర విధానమును చట్టము తొలగించినది 2020 డిసెంబరులో. ఒక కంపెనీ సాధనమును దేశపు తాళముగా అమర్చుకొనినచో, దానిని ఊడదీయుటకు ఇరువది యేండ్లు పట్టినది.

ఇక రెండవ అంకము. 2004 జూనులో ఎక్స్‌ప్లోరరులోని లోపముల ద్వారా దుష్టులు జనుల కంప్యూటరులలో ప్రవేశించుచున్నట్లు బయటపడినది. అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు రక్షణ విభాగమే, తప్పించుకొను మార్గములలో ఒకటిగా, వేరొక బ్రౌజరును వాడుడని సూచించెను. ఆ యేడు నవంబరు 9వ తేదీన ఫైర్‌ఫాక్స్ మొదటి కూర్పు వెలువడినది. ఓడిన నెట్‌స్కేప్‌వారు 1998లో తమ మూలరచనను లోకమునకు వెల్లడి చేయగా, దానినుండి మొలచిన చెట్టునకు కాచిన కాయ ఇది. దీనిని అమ్ముటకు వర్తకులు లేరు, మెచ్చినవారే ప్రచారకులైరి. తమ వెబ్‌సైటులలో చిన్న బిళ్ళలు పెట్టి, వచ్చినవారిని మార్చుకొమ్మని కోరిరి. సుమారు పదివేలమంది చందాలు వేసికొని, డిసెంబరు 16వ తేదీ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రెండు పూర్తి పుటల ప్రకటన వేయించి, దాతల పేర్లన్నియు అందులో అచ్చొత్తించిరి. 2009 చివరకు, స్టాట్‌కౌంటరు లెక్కల ప్రకారము, లోకమున దాదాపు మూడవవంతు వాడుక ఫైర్‌ఫాక్స్‌దే.

తెలుగు చదువరులకును ఆ రోజులలో బ్రౌజరు మార్చుటకు ఒక సొంత కారణము ఉండెను. యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణములో తెలుగు అక్షరములకు 1991లోనే స్థానము లభించినను, మన పత్రికలు అనేకము చాలకాలము తమతమ సొంత ఫాంటు సంకేతములనే వాడినవి. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగు. లేనిచోట తలయు తోకయు లేని ఇంగ్లీషు అక్షరముల కుప్ప. వెదకుటకు వీలులేదు, మరియొకరికి పంపుటకును వీలులేదు. అప్పుడు ఫైర్‌ఫాక్స్‌నకు తగిలించుకొనదగిన పద్మ అను చిన్న సాధనమును తయారు చేసి ఉచితముగా ఇచ్చిరి. అది పుట తెరచుకొనుచుండగనే ఆయా సంకేతములను యూనికోడ్ తెలుగులోనికి మార్చెడిది. పరదేశములలోని తెలుగువారు ఉదయము కాఫీ త్రాగుచు ఊరి వార్తలు చదువుకొనుటకు ఇది ఎంత ఉపకరించెనో వారికే ఎరుక. ఇట్టి ప్రయోజనము ఎదుట కనబడినప్పుడు ఒకరు చెప్పనక్కరలేకుండగనే జనులు బ్రౌజరు మార్చుదురు.

అయినను ఆ ఆరవ కూర్పు కదలలేదు. ఎందువలన? దానిని వాడుచుండినవారిలో చాలమంది సోమరులు కారు. వారు కార్యాలయములలో కూర్చుండి పనిచేయు ఉద్యోగులు. కార్యాలయపు లెక్కల పద్ధతి ఆ కూర్పునకే కట్టుబడియుండెను. వేరొక బ్రౌజరు దింపుకొనుటకు వారికి అనుమతి లేదు. బ్రౌజరు మార్చుకొనుడని తెరమీద గద్దించువారు ఈ సంగతిని సాధారణముగా మరచిపోవుదురు. వచ్చినవాడు వాహనమునకు యజమాని కాకపోవచ్చును.

2009 ఫిబ్రవరిలో నార్వే దేశమున ఫిన్ అను పెద్ద ప్రకటనల వెబ్‌సైటువారు, ఆరవ కూర్పుతో వచ్చినవారికి దానిని మార్చుకొమ్మని పుట పైభాగమున సూచన చూపిరి. ఆ దేశపు పత్రికల వెబ్‌సైటులు మరికొన్ని వారిని అనుసరించినవి. అదే సంవత్సరము జూలైలో యూట్యూబ్‌లో జరిగినది మరియు విచిత్రము. అచటి కొలదిమంది ఇంజనీరులు, పాత బ్రౌజరునకు సరిపుచ్చుటకు పడు పాట్లతో విసిగి, పైవారి అనుమతి అడుగకయే ఒక సూచనను పెట్టిరి: త్వరలో మీ బ్రౌజరునకు మా తోడ్పాటు నిలిచిపోవును, కొత్తదానికి మారుడు, అని. నిలిచిపోవు తేదీ యేదియు అందులో లేదు. ఆ సంగతి అప్పటికి ఎవరును నిర్ణయించియుండలేదు మరి! ఆ ఇంజనీరులలో ఒకరు 2019లో ఈ కథను బయటపెట్టుచు, నెల తిరుగునప్పటికి తమవద్దకు ఆరవ కూర్పుతో వచ్చువారు సగమైరని వ్రాసిరి. ఇందులో మెచ్చదగినదొకటి గలదు. క్రోమ్ తమ సంస్థదే యైనను, వారు చూపిన జాబితాలో ఫైర్‌ఫాక్స్‌ను, మైక్రోసాఫ్టువారి ఎనిమిదవ కూర్పును కూడ చేర్చిరి. అనుమతి లేకుండ చేసిన పనిని నేను సమర్థింపను గాని, మా దుకాణముననే కొనుడని అనకపోవుట మర్యాద.

తుదకు మైక్రోసాఫ్టువారే తమ బిడ్డను వదలించుకొన చూచిరి. 2010లో ఆస్ట్రేలియాలో, తొమ్మిదేండ్లనాటి పాలు త్రాగుదురా యని ప్రజలనడిగి, తొమ్మిదేండ్లనాటి బ్రౌజరును మాత్రము ఏల వాడుచున్నారని ప్రకటనలు చేసిరి. మన ఇండ్లలో ఉదయపు పాలు సాయంకాలమునకే విరుగును గనుక ఈ ఉపమానము మనకు మరింత చక్కగా బోధపడును. 2011 మార్చిలో వారే ఒక వెబ్‌సైటు తెరచి, ఆరవ కూర్పు వాడుక ఒక శాతమునకు దిగవలెనని గడువు గడియారము పెట్టిరి. నాటికి లోకమున 12 శాతము, చైనాలో 34 శాతమునకు పైగా దాని వాడుక మిగిలియున్నదని వారి లెక్క.

ఈ సందర్భములలో బ్రౌజరు మార్చుమనుట న్యాయమే యని నా అభిప్రాయము. రేడియో శ్రోతలకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. 1977లో మద్రాసులో ఆకాశవాణి ఎఫ్.ఎం. ప్రసారములు ఆరంభించినప్పుడు, మీడియం వేవు మాత్రమే గల పెట్టెలో అవి వినరాలేదు. కొత్త పెట్టె కావలసివచ్చినది. కాని ఎఫ్.ఎం. పట్టగల పెట్టె ఏ కంపెనీదైనను సరే. పాత మీడియం వేవు ప్రసారములు ఆనాటితో ఆగిపోవను లేదు. కావలసినది ఒక శక్తి, పేరు కాదు. వెబ్‌సైటువారు, ఈ పనికి ఫలానా సౌకర్యముగల బ్రౌజరు కావలెను అనినచో అది ఎఫ్.ఎం. వంటి మాట. ఫలానా కంపెనీ బ్రౌజరే కావలెను అనినచో అది మర్ఫీ పెట్టెతోనే వార్తలు వినుడనుట.

ఈ భేదము గుర్తింపనందున పుట్టిన హాస్యమొకటి గలదు. బ్రౌజరు ఏ వెబ్‌సైటుకు పోయినను ముందుగా తన పేరు చెప్పుకొనును. తొలిదినములలో నెట్‌స్కేప్ తన రహస్యనామమైన మొజిల్లా యను పేరు చెప్పెడిది. మొజిల్లా యనినవారికే కొన్ని వెబ్‌సైటులు మంచి పుటలను వడ్డించుచుండెను. అది చూచి ఎక్స్‌ప్లోరరును నేనును మొజిల్లానే యనెను. తరువాత సఫారీ, దాని తరువాత క్రోమ్, అందరును అదే మాట. నేటికిని క్రోమ్ తన పేరు చెప్పుకొనునప్పుడు ముందు మొజిల్లా యని, చివర సఫారీ యని కూడ పలుకును. వివాల్డి అను బ్రౌజరు తన నిజమైన పేరు చెప్పినచోట్ల తలుపులు మూయుచున్నారని, 2019 డిసెంబరునుండి క్రోమ్ వేషముననే తిరుగుచున్నది. పేరడిగి పంక్తిలో కూర్చుండబెట్టు ఇంటికి అందరును మారుపేర్లతోనే వత్తురు. వచ్చినవానికి ఫలానా పని చేతనగునా యని అడిగి చూచుట, బ్రౌజరు విషయమున, చాల సులభము. నేర్చిన వెబ్ రచయితలందరును అట్లే చేయుదురు.

చరిత్ర అంతటితో ఆగినదా? 2008లో వచ్చిన క్రోమ్‌ను, దానిని చేసిన గూగుల్‌వారు తమ వెదకు పుటమీదనే పొగడుచు వచ్చిరి. లోకములో అంత జనసమ్మర్దముగల వాకిలి మరియొకటి లేదు. 2012 మే నెలలో అది ఎక్స్‌ప్లోరరును దాటినది. 2020లో మైక్రోసాఫ్టువారి ఎడ్జ్ కూడ క్రోమ్ యంత్రమునే తెచ్చుకొని బిగించుకొనెను. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరరునకు వీడ్కోలు చెప్పిరి. ఇప్పుడు క్రోమ్‌తో మాత్రమే రండను వెబ్‌సైటులు తలయెత్తుచున్నవి. బిళ్ళమీది పేరు మారినది గాని బిళ్ళ పాతదే.

ప్రభుత్వములు జోక్యము చేసికొనవచ్చునా? యూరోపియన్ యూనియన్‌వారు చేసికొనిరి. 2010 మార్చినుండి విండోస్ వాడువారికి పండ్రెండు బ్రౌజరులను చూపి ఎన్నుకొమ్మనునట్లు మైక్రోసాఫ్టుచే ఒప్పించిరి. ముఖ్యమైన ఐదింటి వరుస ఎవరికెట్లు వచ్చునో ముందు తెలియదు, చీట్లు వేసినట్లే. అయితే 2011-12 సంవత్సరములలో సుమారు కోటిన్నరమందికి ఆ పుట కనబడనే లేదు. దానికై 2013లో 56 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా పడినది. 2024నుండి అచట సెల్‌ఫోనులలోను ఇట్టి ఎన్నిక పుట చూపవలెనను చట్టము అమలులోనికి వచ్చినది.

ఇంటిలో మనము చేయదగినది ఎక్కువ లేదు గాని, ఒక జాగ్రత్త మాత్రము అత్యవసరము. మీ బ్రౌజరు పాతది, ఇచట నొక్కి కొత్తది దింపుకొనుడు, అను మాటను జనులు ఇన్ని యేండ్లుగా విని విధేయులై యుండుటచే, దొంగలు ఆ మాటనే నేర్చిరి. అచ్చము అట్టి సూచననే చూపి, నొక్కినవాని కంప్యూటరులో విషమును దింపు ముఠాలు నిజముగా ఉన్నవి. కావున ఏ వెబ్‌సైటు అట్లు చెప్పినను అచట నొక్కరాదు. బ్రౌజరు యొక్క సొంత పట్టికలోనికి పోయి కొత్త కూర్పు వచ్చినదా యని చూడవలెను. వేరొక బ్రౌజరు కావలసినచో దానిని చేసిన సంస్థ చిరునామాను స్వయముగా టైపు చేసి పోవలెను. రెండు మూడు బ్రౌజరులు ఒకే కంప్యూటరులో ఇరుగుపొరుగుగా ఉండవచ్చును. ఒకటి తెచ్చుకొనిన రెండవది పోవునను భయము వలదు. ఏ పేరుగలది వాడుచున్నామనుటకంటె, వాడునది నేటి కూర్పా కాదా యనునదే రక్షణకు ముఖ్యము.

బాబాయిగారి దరఖాస్తు సంగతి మిగిలినది. మరునాడు నేను పోయి రెండవ బ్రౌజరును ఆయన కంప్యూటరులో దింపితిని. ఆయన మరల గంటసేపు కూర్చుండి అంతయు నింపిరి. ఈసారి రసీదు వచ్చినది. పాత బ్రౌజరును తీసివేయుదునా యని అడిగితిని. వలదనిరి, బ్యాంకు పుట దానిలోనే అలవాటట. పది దినముల తరువాత పోయి చూడగా, ఏ కార్యాలయమునకు ఏ బ్రౌజరో రెండు వరుసలుగా తెల్లకాగితముమీద గుండ్రని అక్షరములతో వ్రాసి, కంప్యూటరు ప్రక్క గోడకు అంటించియున్నారు. క్రింద మరి నాలుగు పేర్లకు సరిపడు ఖాళీ వదలిరి.